తీర్పుపై తీర్పు: కాలిఫోర్నియా అప్పీలు కోర్టుల తీరు

కింది కోర్టులో ఓడిపోయిన కక్షిదారుకు పైకోర్టు మీద ఉండే ఆశ ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అక్కడ కథ మొత్తం మొదటి నుంచి చెప్పుకోవచ్చని, ఇక్కడ నమ్మని సాక్షిని అక్కడ నమ్ముతారని, ఇక్కడ దాఖలు చేయలేకపోయిన కాగితాన్ని అక్కడ చూపించవచ్చని అతడు అనుకుంటాడు. భారతదేశంలో ఈ ఆశకు కొంత ఆధారం లేకపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద వేసే మొదటి అప్పీలులో పైకోర్టు వాస్తవాలనూ చట్టాన్నీ కలిపి తిరిగి పరిశీలించవచ్చు, సాక్ష్యాన్ని స్వయంగా బేరీజు వేసి కింది కోర్టుకు పూర్తిగా భిన్నమైన నిర్ణయానికి రావచ్చు, కొన్ని షరతులకు లోబడి అదనపు సాక్ష్యాన్నీ స్వీకరించవచ్చు. అమెరికా రాష్ట్రాల అప్పీలు కోర్టులలో ఆ ఆశకు చోటు బహు స్వల్పం. అక్కడి అప్పీలు కోర్టు కేసును మళ్ళీ విచారించదు. విచారణ జరిపిన కోర్టు తన పనిని చట్టప్రకారం చేసిందా, చేయకపోతే ఆ లోపం వల్ల ఫలితం మారిందా అన్నంతవరకే చూస్తుంది. ఈ ఒక్క భేదం పట్టుబడితే అక్కడి గడువుల కాఠిన్యం, వాదనా పత్రాల ప్రాధాన్యం, అప్పీళ్లకే పరిమితమైన న్యాయవాదులు ప్రత్యేకంగా ఏర్పడడం, అన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. విడాకులు, పిల్లల సంరక్షణ, ఇంటి అద్దె, రోడ్డు ప్రమాదం, హత్య, దొంగతనం వంటి మామూలు మనుషుల వ్యాజ్యాలలో అత్యధిక భాగం రాష్ట్రాల కోర్టులలోనే నడుస్తుంది. ఏ రాష్ట్రం వ్యవస్థ ఆ రాష్ట్రానిదే కనుక పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే విచారణ కోర్టు. దాని పైన నాలుగు విభాగాలుగా ఉన్న అప్పిలేట్ డివిజన్, అన్నిటికీ పైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ఉంటాయి. టెక్సస్‌లో సివిల్ కేసులకు ఒకటి, క్రిమినల్ కేసులకు ఒకటి చొప్పున రెండు అత్యున్నత న్యాయస్థానాలున్నాయి. డెలావేర్, మెయిన్, మోంటానా, వెర్మాంట్, వయోమింగ్ వంటి తక్కువ జనాభా గల రాష్ట్రాలలో మధ్యంతర అప్పీలు కోర్టు అనేదే లేదు. అప్పీలు నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకే వెళుతుంది. నెవాడా 2015లోనూ, వెస్ట్ వర్జీనియా 2022లోనూ ఇటువంటి మధ్యంతర కోర్టును ప్రారంభించుకున్నాయి. ఈ వైవిధ్యం మొత్తాన్ని ఏకరువు పెట్టడం కన్నా ఒక రాష్ట్రాన్ని దగ్గరగా చూడడం మేలు. అందుకు కాలిఫోర్నియా తగినది. అక్కడి నియమాలు వివరంగా రాసి ఉన్నాయి, పైగా తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన రాష్ట్రాలలో అదొకటి.

1849 నాటి రాజ్యాంగం కింద కాలిఫోర్నియాలో అప్పీళ్ల భారమంతా రాష్ట్ర సుప్రీంకోర్టు మీదే ఉండేది. బంగారం కోసం వచ్చి చేరిన జనంతో రాష్ట్రం పెరిగిపోయి వ్యాజ్యాలు గుట్టలుగా పేరుకుపోవడంతో 1904లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించి శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, శాక్రమెంటో కేంద్రాలుగా మూడు అప్పీలు కోర్టులను, ఒక్కొక్కదానికి ముగ్గురు న్యాయమూర్తులను ఏర్పాటు చేసుకున్నారు. తరువాతి కాలంలో శాన్‌డియాగో, ఫ్రెస్నో, శాన్‌హోజే కూడా చేరి నేటికి ఆరు డిస్ట్రిక్టులయ్యాయి, న్యాయమూర్తుల సంఖ్య 106కు పెరిగింది. ఇక్కడ డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు, అనేక కౌంటీలు కలిసిన అప్పీలు పరిధి. రాష్ట్రంలోని 58 కౌంటీలలో ఒక్కో సుపీరియర్ కోర్టు విచారణ కోర్టుగా పనిచేస్తుంది. అక్కడి తీర్పు మీద అప్పీలు ఆ కౌంటీ ఏ డిస్ట్రిక్టులో ఉంటే ఆ కోర్టుకు పోతుంది. సన్నీవేల్‌లోనో కూపర్టినోలోనో నివసించే కుటుంబం సాంటా క్లారా కౌంటీ కోర్టు తీర్పు మీద అప్పీలుకు వెళితే అది శాన్‌హోజేలోని ఆరవ డిస్ట్రిక్టుకు చేరుతుంది. ఆ పక్కనే ఉన్న ఫ్రీమాంట్ వాసి మాత్రం అలమీడా కౌంటీకి చెందినవాడు కనుక శాన్‌ఫ్రాన్సిస్కోలోని మొదటి డిస్ట్రిక్టుకు వెళ్ళాలి. వివాదం విలువ 35,000 డాలర్లకు మించని సివిల్ కేసులు, చిన్న నేరాల కేసులు సుపీరియర్ కోర్టులోని అప్పీలు విభాగంలోనే తేలిపోతాయి. మరణశిక్ష పడిన కేసు ఈ మెట్టును దాటి నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకు పోతుంది.

అప్పీలుకు మొదటి ద్వారం గడువు, ఆ ద్వారం ఒకసారి మూసుకుంటే ఇక తెరుచుకోదు. సివిల్ కేసులో తీర్పు నమోదైనట్లు తెలిపే నోటీసును కోర్టు గుమాస్తా గాని, ఎదుటి పక్షం గాని అందజేసిన నాటి నుంచి 60 రోజుల లోపల అప్పీలు నోటీసును సుపీరియర్ కోర్టులోనే దాఖలు చేయాలి. అటువంటి నోటీసు ఎవరూ ఇవ్వకపోతే తీర్పు నమోదైన నాటి నుంచి 180 రోజులు గడువు ఉంటుంది. క్రిమినల్ కేసులో తీర్పు వెలువడిన నాటి నుంచి 60 రోజులు. కొత్త విచారణ కోరుతూ సరైన సమయంలో వేసిన దరఖాస్తు వంటి కొన్ని సందర్భాలలో నియమాలే సివిల్ గడువును కొంత పొడిగిస్తాయి, ప్రకృతి వైపరీత్యం వంటి ప్రకటిత అత్యవసర స్థితికి వేరే ఏర్పాటు ఉంది. అవి మినహాయిస్తే గడువును పెంచే అధికారం ఏ కోర్టుకూ లేదు, ఆలస్యంగా వచ్చిన అప్పీలును కొట్టివేయక తప్పదు. భారతదేశంలో హైకోర్టుకు వేసే సివిల్ అప్పీలుకు 90 రోజులు, జిల్లా కోర్టుకు 30 రోజులు గడువు ఉన్నా, లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగడం, జబ్బునో తీర్పు నకలు అందకపోవడాన్నో చెప్పుకోవడం ప్రతి కోర్టులోనూ కనిపించే సంగతే. ఆ అలవాటుతో అమెరికా వెళ్ళిన కక్షిదారుకు అక్కడి కాఠిన్యం నమ్మశక్యంగా ఉండదు. అప్పీలు నోటీసు పెద్ద పత్రమేమీ కాదు, ఫలానా తీర్పు మీద అప్పీలు చేస్తున్నామని తెలిపే చిన్న ఫారం. వాదనలేవీ అందులో రాయనక్కరలేదు. అంత చిన్న కాగితం ఒక్కరోజు ఆలస్యమైతే అంత పెద్ద హక్కూ పోతుంది.

గడువులో అప్పీలు వేసినంత మాత్రాన డబ్బు చెల్లించాలన్న తీర్పు అమలు ఆగిపోదన్న విషయంలో మాత్రం రెండు దేశాల పద్ధతీ ఒకటే. భారతదేశంలో పైకోర్టు నుంచి స్టే తెచ్చుకోవాలి. కాలిఫోర్నియాలో అటువంటి తీర్పును ఆపాలంటే ఓడిన పక్షం పూచీకత్తు బాండు దాఖలు చేయాలి, బాండు రాసేది బీమా సంస్థ అయితే దాని మొత్తం తీర్పు సొమ్ముకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పది లక్షల డాలర్ల తీర్పుకు పదిహేను లక్షల డాలర్ల బాండు అన్నమాట. పెద్ద కంపెనీకి ఇది ఖర్చుపద్దులో ఒక వరుస; చిన్న వ్యాపారికి అప్పీలు చేయాలో వద్దో తేల్చేసే అంకె.

అప్పీలు నడిచేదంతా రికార్డు మీద. రికార్డు రెండు భాగాలుగా ఉంటుంది: దాఖలైన పత్రాలు, ఉత్తర్వుల సంపుటి ఒకటి, విచారణలో న్యాయమూర్తి, న్యాయవాదులు, సాక్షులు పలికిన ప్రతి మాటనూ కోర్టు రిపోర్టరు ప్రత్యేకమైన సంక్షిప్తలిపి యంత్రం మీద పట్టి, పూర్తి పాఠంగా మార్చి ఇచ్చిన సంపుటి రెండవది. నెలల తరబడి సాగిన విచారణ అయితే ఈ సంపుటాలు వేల పుటలకు పోతాయి. వాటిలో ఉన్నదే అప్పీలు కోర్టుకు ప్రపంచం. వాటిలో లేనిది జరగనట్లే లెక్క. పైగా కింది కోర్టు తీర్పు సరైనదనే భావన నుంచే అప్పీలు కోర్టు బయలుదేరుతుంది, తప్పు జరిగిందని రికార్డులోని పుట సంఖ్యతో సహా చూపించవలసిన బరువు అప్పీలుదారుదే. ఇక్కడే ఈ వ్యవస్థలోని ఒక పెద్ద అన్యాయం బయటపడుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా కౌంటీలు సివిల్ విచారణలకు కోర్టు రిపోర్టర్లను ఇవ్వడం మానుకున్నాయి, కావలసిన పక్షమే సొంత ఖర్చుతో నియమించుకోవాలి. నియమించుకోలేని పేదవాడికి విచారణలో ఎంత పొరపాటు జరిగినా దానిని రుజువు చేసే పాఠం ఉండదు. కోర్టు ఫీజు మినహాయింపు పొందిన పేద కక్షిదారు అడిగితే రిపోర్టరును ఉచితంగా ఏర్పాటు చేయాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఫీజు మినహాయింపు వచ్చేంత పేదరికమూ లేక, రిపోర్టరును పెట్టుకునే స్తోమతా లేక మధ్యలో నలిగేవారి కష్టం ఆ తీర్పుతో తీరలేదు.

రికార్డుతో ముడిపడిన మరొక నియమం అభ్యంతరానికి సంబంధించినది. చెల్లని సాక్ష్యాన్ని ఎదుటి న్యాయవాది ప్రవేశపెడుతున్నప్పుడు అప్పటికప్పుడే లేచి, కారణం చెప్పి అభ్యంతరం తెలపాలి; అప్పుడు మౌనంగా ఉండి అప్పీలులో దానిని తప్పుగా చూపబోతే, ఆ అవకాశం వదులుకున్నట్లేనని కోర్టు సాధారణంగా పక్కన పెడుతుంది. విచారణ న్యాయమూర్తికి పొరపాటును అక్కడే దిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నదీ, ఓడితే వాడుకుందామని తప్పును దాచి ఉంచే ఎత్తుగడను సాగనివ్వకూడదన్నదీ దీని వెనుక ఉన్న ఆలోచన. అందుకే పెద్ద వ్యాజ్యాలలో అప్పీలు న్యాయవాదిని విచారణ సమయంలోనే పక్కన కూర్చోబెట్టుకుని, ఏ అభ్యంతరం రికార్డులోకి ఎక్కాలో చూసుకోమనే ఆచారం ఏర్పడింది.

తప్పు రికార్డులో కనిపించినా అప్పీలు కోర్టు దానిని ఎంత తీక్షణంగా పరీక్షిస్తుందన్నది ఆ తప్పు స్వభావాన్ని బట్టి ఉంటుంది. చట్టానికి అర్థం చెప్పడంలో వచ్చిన ప్రశ్న అయితే పైకోర్టు కింది కోర్టు అభిప్రాయానికి ఏ మన్ననా ఇవ్వకుండా స్వతంత్రంగా నిర్ణయిస్తుంది. సాక్ష్యాన్ని అనుమతించడం, గడువు పెంచడం, సంరక్షణ ఏర్పాట్లు చేయడం వంటి విచక్షణాధికారపు నిర్ణయమైతే, పైకోర్టు న్యాయమూర్తులు తాము ఆ స్థానంలో ఉంటే వేరుగా చేసి ఉండేవారే అయినా, అది హేతువు మేర దాటనంతవరకు జోక్యం చేసుకోరు. ఇక వాస్తవాన్ని గురించిన నిర్ణయమైతే, దానిని సమర్థించే గట్టి సాక్ష్యం రికార్డులో ఉందా అన్నదొక్కటే ప్రశ్న. ఎదురు సాక్ష్యం అంతకు రెండింతలు ఉన్నా లెక్కలోకి రాదు. సాక్షి కళ్ళలోకి చూసినవారు, గొంతులోని తడబాటు విన్నవారు జ్యూరీ సభ్యులో విచారణ న్యాయమూర్తో తప్ప కాగితం చదివే అప్పీలు న్యాయమూర్తులు కారు కనుక, ఎవరు నిజం చెప్పారన్న సంగతి కింది కోర్టుకే వదిలివేయడం న్యాయమని అక్కడి సిద్ధాంతం. ఓడిన కక్షిదారుకు అన్నిటికన్నా మింగుడు పడనిది ఇదే. ‘వాడు అబద్ధం చెప్పాడు’ అన్న ఒక్క మాట మీద అప్పీలు నిలవదు.

ఈ కొలతలన్నీ ఒకే చోట పనిచేసిన కేసుగా ఫోర్డ్ పింటో వ్యాజ్యాన్ని చెప్పుకోవచ్చు. 1972లో కాలిఫోర్నియా రహదారి మీద ఆగిపోయిన పింటో కారును వెనుక నుంచి మరో కారు ఢీకొనడంతో ఇంధన ట్యాంకు పగిలి మంటలు లేచాయి. కారు నడుపుతున్న మహిళ మరణించగా, అందులో ఉన్న 13 ఏళ్ల బాలుడు ముఖం, ఒళ్ళు కాలి వికలాంగుడయ్యాడు. ఆరెంజ్ కౌంటీలో ఆరు నెలలు సాగిన విచారణ తరువాత 1978లో జ్యూరీ ఆ బాలుడికి 25 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారంతో పాటు మరో 12.5 కోట్ల డాలర్లు శిక్షాత్మక పరిహారంగా ఇవ్వాలన్నది. శిక్షాత్మక పరిహారం అంటే బాధితుడికి కలిగిన నష్టాన్ని పూడ్చడానికి కాక, తప్పు చేసినవారికి బుద్ధి చెప్పడానికి విధించే సొమ్ము. విచారణ న్యాయమూర్తి ఆ మొత్తాన్ని 35 లక్షల డాలర్లకు తగ్గించి, అందుకు బాలుడి పక్షం ఒప్పుకోకపోతే కొత్త విచారణ జరగాలని షరతు పెట్టారు. ఫోర్డ్ కంపెనీ అప్పీలు చేసింది. తగ్గింపు చెల్లదంటూ బాలుడి పక్షం ఎదురు అప్పీలు వేసింది.

నాలుగవ డిస్ట్రిక్టు అప్పీలు కోర్టు 1981లో ఇచ్చిన తీర్పు రెండు పక్షాల కోరికలనూ తోసిపుచ్చింది. కంపెనీ యాజమాన్యం మీద శిక్షాత్మక పరిహారం విధించడానికి సాక్ష్యం చాలదన్న వాదనకు, వెనుక నుంచి గుద్దితే ట్యాంకుకు ప్రమాదమని కంపెనీ సొంత పరీక్షలలోనే తేలిందని, కారుకు కొద్ది డాలర్ల ఖర్చుతో చేయగల మార్పులు చేయలేదని చూపే గట్టి సాక్ష్యం రికార్డులో ఉందని కోర్టు బదులిచ్చింది. ఆ సాక్ష్యాన్ని తిరిగి తూచే పని పెట్టుకోలేదు. చట్టంలో ద్వేషభావం అన్న మాటకు ఇతరుల భద్రతను తెలిసి తెలిసి లక్ష్యపెట్టకపోవడం కూడా వస్తుందా అన్నది చట్టానికి సంబంధించిన ప్రశ్న కనుక స్వతంత్రంగా పరిశీలించి, వస్తుందని తేల్చింది. ఎదుటి న్యాయవాది హద్దుమీరి మాట్లాడాడన్న ఫిర్యాదు విషయంలో సకాలంలో అభ్యంతరం చెప్పని పక్షం ఆ వాదనను వదులుకున్నట్లేనన్న నియమాన్ని గుర్తు చేసింది. 12.5 కోట్లను 35 లక్షలకు తగ్గించడం విచారణ న్యాయమూర్తి విచక్షణకు లోబడినదే కనుక దానినీ కదిలించలేదు. జ్యూరీ వేసిన అంకె న్యాయమైనదా, న్యాయమూర్తి వేసిన అంకె న్యాయమైనదా అన్న ప్రశ్నకు అప్పీలు కోర్టు సమాధానం చెప్పలేదు. చెప్పడం తన పని అనీ భావించలేదు.

తప్పు జరిగినట్లు రుజువైనా మరొక గండం మిగిలి ఉంటుంది. చిన్న సాంకేతిక లోపాల మీద శిక్షలు రద్దవుతున్నాయన్న ఆగ్రహంతో కాలిఫోర్నియా ఓటర్లు 1911లో రాజ్యాంగాన్ని సవరించి, న్యాయానికి విఘాతం కలిగితే తప్ప తీర్పును రద్దు చేయరాదన్న నియమాన్ని చేర్చారు. మొదట క్రిమినల్ కేసులకు ఉద్దేశించిన ఆ నియమం తరువాత సివిల్ కేసులకూ వర్తించింది. ఆ తప్పు జరగకపోయి ఉంటే అప్పీలుదారుకు మరింత అనుకూలమైన ఫలితం వచ్చి ఉండేదనడానికి సహేతుకమైన అవకాశం కనిపించాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1956లో దానికి కొలత పెట్టింది. అమెరికా రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు భంగం కలిగిన క్రిమినల్ కేసులో మాత్రం బరువు తలకిందులవుతుంది: ఆ భంగం శిక్షకు ఏమాత్రం దోహదం చేయలేదని ప్రభుత్వమే సందేహానికి తావు లేకుండా చూపించాలని ఫెడరల్ సుప్రీంకోర్టు 1967లో, కాలిఫోర్నియా నుంచి వెళ్ళిన కేసులోనే, నిర్దేశించింది. ‘తప్పే గాని హాని లేదు’ అన్న మాటతో ముగిసే అప్పీళ్లు ఎన్నో ఉంటాయి. కోర్టు తప్పును ఒప్పుకుని కూడా శిక్షను నిలబెట్టడం ముద్దాయి కుటుంబానికి ఎంతకీ అర్థం కాదు, అర్థం కాకపోవడంలో వారి తప్పేమీ లేదు.

ఇటువంటి కోర్టు ముందు పనిచేసే న్యాయవాదికి కావలసిన విద్య వేరు. జ్యూరీని మాటతో ఆకట్టుకోవడం, సాక్షిని అడ్డుప్రశ్నలతో నిలదీయడం విచారణ న్యాయవాది కళ. అప్పీలు న్యాయవాది పని ఎక్కువగా ఒంటరిగా కూర్చుని చదవడం, రాయడం. కాలిఫోర్నియా బార్ అప్పీలు న్యాయాన్ని ప్రత్యేక నైపుణ్యంగా గుర్తించి, పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. క్రిమినల్ కేసులో విచారణ నడిపింది కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ అయినా, అప్పీలులో ప్రజల పక్షాన నిలిచేది రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం. అప్పీలుదారు మొదటి వాదనా పత్రం, దానికి ఎదుటి పక్షం జవాబు, దాని మీద అప్పీలుదారు ప్రత్యుత్తరం వరుసగా దాఖలవుతాయి. అక్కడ బ్రీఫ్ అని పిలిచే ఈ పత్రానికి సివిల్ కేసులో 14,000 పదాలు, క్రిమినల్ కేసులో 25,500 పదాలు హద్దు. కాగితం మీద దాఖలు చేసేటప్పుడు మొదటి పత్రానికి ఆకుపచ్చ అట్ట, జవాబుకు పసుపు, ప్రత్యుత్తరానికి లేత గోధుమ రంగు ఉండాలని కూడా నియమావళి చెబుతుంది. బల్ల మీద దొంతరలో ఏది ఎవరిదో న్యాయమూర్తి చేయి తడుముకోకుండా తీసుకోగలగాలన్నది ఉద్దేశం.

ఆ 14,000 పదాలలో ఏది రాయాలన్న దాని కన్నా ఏది వదిలివేయాలన్న నిర్ణయమే కష్టమైనది. వేల పుటల రికార్డులో ఇరవై లోపాలు కనిపించవచ్చు. వాటిలో అభ్యంతరం నమోదైనవి, అనుకూలమైన కొలత కిందికి వచ్చేవి, ఫలితాన్ని మార్చగలిగినవి వడకడితే రెండో మూడో మిగులుతాయి. బలహీనమైన వాదనలు పది చేర్చితే బలమైన రెండూ వాటి మధ్య మరుగున పడతాయి. వాస్తవాల కథనంలో మరొక కట్టుబాటు ఉంది: సాక్ష్యం చాలదని వాదించదలచిన అప్పీలుదారు తనకు వ్యతిరేకమైన సాక్ష్యాన్ని కూడా నిజాయితీగా వివరించి తీరాలి, దానిని దాచి తనకు అనుకూలమైనదే రాస్తే ఆ వాదనే పోతుందని 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అలా చూస్తే మంచి అప్పీలు న్యాయవాది చేసే విలువైన సేవలలో ఒకటి, రికార్డు చదివిన తరువాత, అప్పీలు వద్దని కక్షిదారుకు చెప్పడం. అలా చెప్పి ఫీజు వదులుకునేవారు ఎందరుంటారన్నది వేరే ప్రశ్న.

డబ్బు లేని ముద్దాయికి అప్పీలు హక్కు పేరుకే మిగలకుండా ఫెడరల్ సుప్రీంకోర్టు రెండు మెట్లు కట్టింది. విచారణ పాఠం నకలుకు డబ్బు చెల్లించలేడన్న కారణంతో అప్పీలుకు దూరం చేయరాదని 1956లోనూ, చట్టం ఇచ్చిన మొదటి అప్పీలులో పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వాలని 1963లోనూ చెప్పింది. రెండవది కూడా కాలిఫోర్నియా కేసే. అలా నియమితుడైన న్యాయవాదికి రికార్డంతా వెతికినా పనికివచ్చే వాదన ఒక్కటీ దొరకకపోతే ఏం చేయాలన్న చిక్కు ప్రశ్నకు రాష్ట్ర సుప్రీంకోర్టు 1979లో దారి చూపింది: న్యాయవాది కేసు సారాంశాన్ని మాత్రం రాసి దాఖలు చేయాలి, ముద్దాయి తన మాట తానే రాసి పంపుకోవచ్చు, ఆపైన అప్పీలు కోర్టే మొత్తం రికార్డును స్వయంగా చదివి వాదించదగిన అంశం ఉందేమో చూడాలి. ఆ కేసు పేరు మీద వీటిని వెండే బ్రీఫులని పిలుస్తారు. అడగనిదే ఏదీ చూడని కోర్టు, అడిగేవారు లేనప్పుడు మాత్రం పుట పుటా తిరగవేయవలసి రావడం ఈ వ్యవస్థలో మెచ్చుకోదగిన విశేషం.

పత్రాలన్నీ అందిన తరువాత కేసు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళుతుంది. తీర్పుకు కనీసం ఇద్దరి సమ్మతి కావాలి. మౌఖిక వాదనకు నియమం ప్రకారం పక్షానికి 30 నిమిషాలు మించవు, చాలామంది దానిని వదులుకుంటారు కూడా. తెలుగు రాష్ట్రాల హైకోర్టులలో వాదన వింటూనే అభిప్రాయం ఏర్పరచుకునే సంప్రదాయానికి అలవాటైనవారికి ఆశ్చర్యం కలిగించే సంగతి, అక్కడ వాదన నాటికే తీర్పు ముసాయిదా సిద్ధంగా ఉండడం. కోర్టు కొలువులోని పరిశోధక న్యాయవాదులు రికార్డు, పత్రాలు చదివి తయారుచేసిన ముసాయిదాను న్యాయమూర్తులు దిద్దుకుని వాదనకు కూర్చుంటారు; రివర్‌సైడ్‌లో కొలువైన విభాగం అయితే ఆ ముసాయిదాను ముందుగానే ఇరుపక్షాలకూ పంపిస్తుంది, ఎక్కడ తప్పుగా అనుకున్నామో వచ్చి చెప్పమని. ఇందుకు ఒక కారణం రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. కేసు నిర్ణయానికి సమర్పితమైన నాటి నుంచి 90 రోజులు దాటినా తేల్చని న్యాయమూర్తికి అది తేలేదాకా జీతం అందదు. తీర్పుల కోసం ఏళ్ళు ఎదురుచూసే దేశాలకు ఈ నియమం చెవిన వేయదగినదే.

తీర్పు కారణాలతో సహా రాతపూర్వకంగా ఉండాలన్నది కూడా రాజ్యాంగ నియమమే. అయితే వెలువడే తీర్పులలో దాదాపు పదింట తొమ్మిది అధికారిక సంపుటాలలో ప్రచురణకు నోచుకోవు, అలా ప్రచురితం కాని తీర్పును మరో కేసులో ప్రమాణంగా చూపకూడదు. కొత్త సూత్రం చెప్పడం, పాత సూత్రాన్ని కొత్త పరిస్థితికి వర్తింపజేయడం వంటి విశేషం ఉంటేనే ప్రచురణ. గ్రంథాల భారం తగ్గడం నిజమే గాని, అచ్చం తన కేసు వంటి కేసులోనే నిన్న వేరే తీర్పు వచ్చినా దానిని ఎత్తి చూపే వీలు లేకపోవడం సమర్థించడానికి కష్టమైన ఏర్పాటు. ప్రచురితమైన తీర్పు మాత్రం రాష్ట్రంలోని సుపీరియర్ కోర్టులన్నిటికీ శిరోధార్యం. అప్పీలు కోర్టుల మధ్య భేదాభిప్రాయాన్ని తీర్చేది రాష్ట్ర సుప్రీంకోర్టు.

ఆ సుప్రీంకోర్టు గడప ఎక్కడం హక్కు కాదు. అప్పీలు కోర్టు నిర్ణయం 30 రోజులకు అంతిమమవుతుంది, ఆ తరువాతి 10 రోజులలో పునఃపరిశీలన కోరుతూ విజ్ఞప్తి చేసుకోవచ్చు. ఏడుగురు న్యాయమూర్తుల ఆ కోర్టు రాష్ట్రమంతటికీ ముఖ్యమైన చట్టప్రశ్న ఉన్న కేసులనో, అప్పీలు కోర్టులు పరస్పర విరుద్ధంగా చెప్పిన అంశాలనో ఎంచుకుని, మిగిలిన అత్యధిక విజ్ఞప్తులను కారణం చెప్పకుండానే తిరస్కరిస్తుంది. కనుక చాలామంది కక్షిదారులకు మధ్యంతర అప్పీలు కోర్టే చివరి కోర్టు, అక్కడ కూడా అత్యధిక కేసులలో కింది కోర్టు తీర్పే నిలుస్తుంది. కాలిఫోర్నియాలో వ్యాజ్యం నడుపుతున్న తెలుగువారు గాని, ఇక్కడి నుంచి వారికి సలహాలిచ్చే పెద్దలు గాని తీర్పు వచ్చిన రోజున న్యాయవాదిని అడగవలసిన మొదటి రెండు ప్రశ్నలు ఇవి: తీర్పు నమోదు నోటీసు ఏ తేదీన అందింది, విచారణ జరిగినప్పుడు కోర్టు రిపోర్టరు ఉన్నారా. గెలుస్తామా లేదా అన్న ప్రశ్న ఆ రెండింటికీ జవాబు దొరికిన తరువాతే అడగాలి.